మేడగదికి రేటింగ్

ఆమె వంటింటి గడప దగ్గర కూర్చుని చేటలో పప్పు ఏరుతోంది. పైన మేడగదిలో ధడేలుమని చప్పుడైంది. సీలింగు నుంచి సున్నం పెచ్చు ఒకటి ఊడి సరిగ్గా చేటలో పడింది. దాన్నీ రాళ్లతోపాటు ఏరి పక్కన పెట్టింది.

“ఏవండీ! ఇల్లు పడగొడుతున్నారా?”

“పరీక్ష చేస్తున్నా!” పైనుంచి భర్త గొంతు.

ఆయన విమానాశ్రయంలో ఇంజనీరు. రన్‌వే మీద బరువు ఎత్తి పడేసి, నేల ఎంత కుంగిందో కొలిచి, ఎంతటి విమానం దిగవచ్చో తేల్చడం ఆయన పని. ఆ రేటింగులో నేల బలం చెప్పే ఒక అంకె, దాని వెనకాల కొన్ని అక్షరాలు ఉంటాయి. చివరి అక్షరం టి అయితే పరీక్షించి తేల్చినట్టు. ఉద్యోగాన్ని ఆఫీసులో వదిలి రావడం మాత్రం ఆయనకు చేతకాదు.

గేటు ముందు లారీలో ఆమె కొనుక్కున్న ఎంబ్రాయిడరీ మిషన్ ఉంది. వరండాలో చేతికుట్టుతో నెట్టుకొస్తున్న ఆమెకు అది సొంత దుకాణమంత ఆశ. మధ్యాహ్నంలోగా దించుకోకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని అమ్మినాయన ముందే చెప్పాడు. మేడగదికి రేటింగ్ రానిదే మిషన్ ఎక్కడానికి వీల్లేదని ఈయన పట్టు.

ఆమె పైకి వెళ్లింది. వెనకే మోకాళ్లు పట్టుకుంటూ అత్తగారు. గది నిండా బియ్యం. పగిలిన బస్తా పక్కన ఇంజనీరు బోర్లా పడుకుని, నేల కుంగితే తెలియాలని నిండా నీళ్లు పోసి పెట్టిన గ్లాసుకేసి ఒంటికన్నుతో చూస్తున్నాడు. తలుపు మీద సుద్దముక్కతో రాసిన రేటింగులో అంకె ఇంకా ఖాళీ. చివర టి మాత్రం ముందే రాసేశాడు.

“నీళ్లు ఒలికాయా?”

“లేదు. కానీ బస్తా పగిలింది. ఈ పరీక్ష చెల్లదు.”

“నేల పగల్లేదుగా?”

“అలా తేల్చేయకూడదు.”

అత్తగారికి ఒళ్లు మండింది. “ఒరేయ్, నీ పెళ్లికి మీ మేనమామలందరూ ఈ గదిలోనే గంతులేశారు. పెద్ద మావయ్య ఒక్కడే సగం మిషనుంటాడు.”

“మావయ్య పాదాలు వెడల్పమ్మా. మిషన్ కాళ్లు సన్నం. బరువంతా ఒక్కచోటే గుచ్చుతుంది.”

“కాళ్ల కింద వెడల్పు చెక్కలేద్దాం. పెద్ద విమానాలకి అన్నేసి చక్రాలు అందుకేనని మొన్న భోజనం దగ్గర మీరే చెప్పారు.”

కింద లారీ హారన్ మోగింది. ఆమె కిటికీలోంచి ఆగమని చెయ్యి ఊపింది. వెంటనే భర్త వైపు తిరిగింది.

“పరీక్ష కుదరనిచోట రేటింగ్ ఎలా ఇస్తారండీ?”

“ఇన్నాళ్లూ ఏ విమానాలు దిగాయో, నేల చెడిందో లేదో చూసి ఇస్తాం. అప్పుడు చివర యు రాస్తాం,” అనేసి నాలుక కరుచుకున్నాడు.

“ఇన్నాళ్లూ మావయ్యలు దిగారు. నేల చెడలేదు. రాయండి యు.”

“మావయ్యల కంటే మిషన్ కాస్త ఎక్కువ బరువేమో…”

“కాస్త ఎక్కువైనా దిగనిస్తారుగా?”

“ఎప్పుడో ఒకసారి అయితేనే!”

“ఇది ఒక్కసారి ఎక్కి కూర్చునేదే కదరా,” అన్నారు అత్తగారు. “మళ్లీ ఎగిరిపోతుందా ఏంటి?”

ఇంజనీరు లేచి, బొటనవేలితో టి చెరిపి యు రాశాడు. అంకె ఉండాల్సిన చోట ‘మావయ్యలు’ అని రాశాడు. జుట్టులో బియ్యపు గింజలతోనే కిందికి దిగి, పెరట్లోని వెడల్పు చెక్కలు చంకన పెట్టుకుని, ఇంట్లోంచి లారీ వైపు నడిచాడు.