శనివారాలన్నీ పెళ్ళిళ్ళవే

పెట్రోలు పంపుల సందుల్లో ఇరుక్కున్న మెరుపు కాగితం ముక్కల్ని తీయడానికి పాత టూత్ బ్రష్షుని మించింది లేదు. పెళ్ళివాళ్ళు చల్లుకుంటారు, నవ్వుకుంటారు, ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. మర్నాడు నేను మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క పంపు చుట్టూ తిరుగుతూ గీకుతాను. వాటికి నీళ్ళు తగలకూడదు, సబ్బు తగలకూడదు. పాత రంగు పోతుందని నా భర్త డ్వేన్ భయం. నా మోకాళ్ళ గురించి అతనికి అలాంటి భయం ఎప్పుడూ కలగలేదు.

మా షెడ్డులో ఉన్న ఈ పాత బంకు సామానంతా మా మామగారు పోగుచెయ్యడం మొదలుపెడితే డ్వేన్ పెంచినది. మామగారికి రోడ్డు పక్కన పెట్రోలు బంకు ఉండేది. పెద్ద రోడ్డు ఊరిని తప్పించి దూరంగా పడ్డాక అది మూతబడింది. ఆ తర్వాత నెబ్రాస్కాలో ఏ బంకు మూసేసినా ఆయన వెళ్ళి, చనిపోయినవాళ్ళ ఇంట్లోంచి గుర్తు తెచ్చుకున్నట్టు ఏదో ఒకటి తెచ్చుకునేవాడట. నెత్తిన గాజు గుండు ఉన్న పంపులు, ఎనామిల్ పూసిన రేకు బోర్డులు, ఆయిలు డబ్బాలు, టైర్లకి గాలి కొట్టే యంత్రాలు. మా పెళ్ళైన కొత్తలో సముద్రం చూపిస్తానని డ్వేన్ నన్ను తీసుకుని బయల్దేరాడు. కాన్సాస్‌లో ఎవరి కొట్టంలోనో ఒక పంపు కనిపించింది. ట్రైలరులో పడుకోబెట్టి తాళ్ళు కట్టాడు, బండి వెనక్కి తిప్పాడు. "సముద్రం ఎక్కడికి పోతుంది మార్లీ? పంపైతే ఇంకొకడు ఎత్తుకుపోతాడు" అన్నాడు. నేను కూడా నవ్వాను. అప్పట్లో అతను ఏ మాటన్నా నాకు నవ్వొచ్చేది.

మాకు పిల్లలు కలగలేదు. కడుపులో నిలిచినట్టే నిలిచి రెండుసార్లు పోయారు. షెడ్డు చూడటానికి ఎవరైనా వస్తే డ్వేన్ ఎర్ర పంపు భుజం మీద చెయ్యేసి, "మా పిల్లలు వీళ్ళేనండి, తిండి అడగరు, ఎదురు చెప్పరు" అనేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. పక్కన కాఫీ పళ్ళెం పట్టుకుని ఉన్న నేను ఎటు చూడాలో తెలియక కాఫీలోకి చూసేదాన్ని.

పక్క పొలంవాళ్ళ అమ్మాయి తన పెళ్ళి మా షెడ్డులో చేసుకుంటానని అడగడంతో అంతా మొదలైంది. ఆ నియాన్ దీపాల కింద ఆ పిల్ల తెల్లగౌనుతో నిలబడిన ఫోటో ఎక్కడెక్కడికో పోయింది. ఇక ఫోన్లు. డ్వేన్ నేల గట్టి చేయించి, వెనక వంటగది కట్టించి, ముందు పెద్ద బోర్డు పెట్టించి షెడ్డుని పెళ్ళిళ్ళ హాలు చేశాడు. నేను అప్పటికి పశువుల ఆసుపత్రిలో ముందు గదిలో పని చేస్తున్నాను. జబ్బు కుక్కల్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాళ్ళతో మాట్లాడటం, పేర్లు పిలవడం. నాకు ఆ పని ఇష్టం. "వాళ్ళ కుక్కల కోసం పరాయి చోట నిలబడే బదులు మన సొంత పని చూసుకోవచ్చు కదా" అన్నాడు డ్వేన్. సొంత పని అన్న మాట ఎంత బాగుందో. ఆ సొంతం ఎవరిదో నేను అడగలేదు, ఆసుపత్రి మానేశాను. బల్లగుడ్డలు ఉతకడం, ఇస్త్రీ, కుర్చీలు సర్దడం, మరుగుదొడ్లు కడగడం, పెళ్ళికూతురి తల్లి ఏడిస్తే ఓదార్చడం నావి. ద్వారం దగ్గర నిలబడి ఏ పంపు ఎక్కడ దొరికిందో చెప్పడం అతనిది. మా అత్తగారు వెల్మా అతిథుల సంతకాల బల్ల దగ్గర ముత్యాల దండ వేసుకుని కూర్చునేది. నడుము నొప్పిగా ఉందని నేనొకసారి అంటే, "నేను కూడా నా మొగుడి తుప్పుతోనే కాపురం చేశానమ్మా. మా రోజుల్లో నడుములు ఉండేవి కావు" అంది.

ఆ వసంతంలో మా అక్క నడీన్‌కి క్లోమంలో కేన్సరని తెలిసింది.

అక్క నార్త్ ప్లాట్ అనే ఊళ్ళో స్కూలు బస్సు నడిపేది. మొగుణ్ణి ఎప్పుడో వదిలేసింది. వదిలేశాక బరువు తగ్గినట్టుందని అందరికీ చెప్పుకునేది. మందు ఎక్కించేది సోమవారాలు. ఆ తర్వాత శుక్రవారం దాకా మనిషి మనిషి కాదు. "శనివారం రావే. శనివారాలు నేను బాగుంటాను. కూర్చుని మాట్లాడుకోవచ్చు" అంది ఫోన్లో. శనివారాలు. వేసవి పొడుగునా మాకు శనివారాలన్నీ పెళ్ళిళ్ళవే. నేను బుధవారాలు వెళ్ళేదాన్ని. గిన్నెలు కడిగి, పక్కగుడ్డలు మార్చి, ఆమె నిద్రపోతుంటే మంచం పక్కన కూర్చుని, చీకటి పడకముందే తిరిగొచ్చేదాన్ని. ఆ వేసవంతా నేను నిద్రపోతున్న అక్కనే చూశాను. ఒక్కసారి కళ్ళు తెరిచి, "బుధవారమేనా?" అని మళ్ళీ మూసుకుంది.

ఒక శనివారం వదిలిపెట్టమని డ్వేన్‌ని అడిగాను. కాదనలేదు. అతను ఎప్పుడూ కాదనడు. "తప్పకుండా వెళ్ళు, నీ అక్క కదా. ఈ ఒక్క పెళ్ళి అవనీ, వీళ్ళు చాలా మందిని పిలుచుకున్నారు" అన్నాడు. ఆ పెళ్ళి అయ్యాక ఇంకో ఒక్క పెళ్ళి వచ్చింది. నేనే వెళ్ళిపోయి ఉండొచ్చు, కారు తాళాలు నా సంచీలోనే ఉండేవి. కానీ ఇల్లు నడిపే ఆడవాళ్ళకి తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన దారి కనిపించదు.

ఆగస్టులో ఒక శనివారం నేను కేకు కోస్తున్నాను. అతిథుల ముందు ఫోన్లు చేతుల్లో ఉండకూడదని డ్వేన్ నియమం పెట్టాడు. అందుకని నాది వంటగది సొరుగులో ఉంది. ముక్కలు కోసి, పళ్ళేల్లో పెట్టి, అందరికీ అందాయో లేదో చూసుకుని ఖాళీ పళ్ళేలతో వెనక్కి వచ్చేసరికి డ్వేన్ వంటగదిలో నా కోసం నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అతను టోపీ తీయడం అరుదు.

"ఫెర్న్ ఫోన్ చేసింది. నడీన్ పోయింది మార్లీ."

ఫెర్న్ అక్కతో పాటు బస్సులు నడిపే మనిషి. అక్కకి నాకంటే దగ్గరది. ఎప్పుడు చేసిందని అడిగాను.

"భోజనాలకి ముందే. చెప్తే నువ్వు నిలబడలేవు కదా. కేకు అయ్యేదాకా ఆగాను. ఆ పిల్లకి జీవితంలో ఒక్క రోజు, దాన్ని ఎందుకు పాడు చెయ్యడం?" అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. నిజంగానే ఉన్నాయి. నన్ను దగ్గరికి తీసుకున్నాడు. నా చేతులకి కేకు మీగడ అంటుకుని ఉండటంతో అతని చొక్కాకి తగలకుండా వాటిని దూరంగా పట్టుకున్నాను. భోజనాలప్పుడు మా అక్క లేదు. పాటలప్పుడు లేదు. పెళ్ళికొడుకు తండ్రి మాట్లాడుతుంటే అందరితో పాటు నవ్వానే, అప్పుడు లేదు. నాకు తప్ప వంటగదిలో సాయానికి వచ్చినవాళ్ళందరికీ తెలుసు.

అమ్మా నాన్నా ఉన్న శ్మశానం మా ఊళ్ళోనే కాబట్టి అక్కని ఇక్కడికే తెచ్చారు. చర్చిలోంచి బయటికొస్తూ డ్వేన్ అందరికీ వినబడేలా, "భోజనాలు మా హాల్లో. ఎవరూ ఒక్క పైసా ఇవ్వక్కర్లేదు. నడీన్ మా ఇంటి మనిషి" అన్నాడు. ఎంత మంచి మనసని ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని చెప్పారు. అలాంటి భర్త దొరకడం అదృష్టమన్నారు. ఆ భోజనాలు ఎవరు వండాలో ఎవరూ అనుకోలేదు. నేను కూడా అనుకోలేదు. ముందురోజే పంది మాంసం ముక్కలు కోసి, బంగాళాదుంపలు పాలల్లో ఉడకబెట్టి, గొడ్డుమాంసం, క్యాబేజీ కూరిన బన్నులు కాల్చి ఉంచాను. చర్చి నుంచి రాగానే నల్లగౌను మీద ఏప్రాన్ కట్టుకున్నాను.

జనం తిన్నాక ఒక్కొక్కరూ లేచి అక్క గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. నేను వంటగదిలో గిన్నెల దగ్గర ఉన్నాను. గోడ అవతలి మాటలు గొణుగుడులా వినిపిస్తున్నాయి, నవ్వులు మాత్రం స్పష్టంగా. ఫెర్న్ గొంతు ఏదో చెప్తోంది. హాలంతా గొల్లుమంది. రేకు బోర్డులు కూడా మోగినట్టయింది. మా అక్క గురించి ఏ మాటకి అంతమంది నవ్వారో నాకు తెలియలేదు. చెయ్యి తుడుచుకుని తలుపు దాకా వెళ్ళాను.

"మార్లిస్ ఎక్కడ? దీనికి సాక్షి తనొక్కతే" అంది ఫెర్న్.

"వంటగదిలో ఉంది, కదపకండి. చేతిలో పనుంటేనే తనకి నెమ్మది. మార్లీ సంగతి నాకు తెలుసు" అన్నాడు డ్వేన్ మెత్తగా. అవునవునని జాలిగా ఎవరో అన్నారు. కుర్చీలు సర్దుకున్నాయి. ఇంకొకరు లేచారు.

తలుపు వెనక నిలబడి ఆలోచించాను. చేతిలో పనుంటే నాకు నెమ్మదని ఎప్పుడైనా చెప్పానా? ఎవరైనా అడిగారా? ముప్పై ఏళ్ళు ఒక మనిషిని నిలబెట్టి ఉంచి, తనకి నిలబడటమే ఇష్టమని చెప్పుకుంటే కూర్చున్నవాళ్ళకి ఎంత హాయి. తలుపు తోసుకుని వెళ్ళాలనిపించింది. ఈలోగా తలుపు అటు నుంచే తెరుచుకుంది. వెల్మా.

"ఇక్కడ ఉత్తినే నిలబడ్డావేంటి? కాఫీ అయిపోయింది" అంది.

వెళ్ళి కాఫీ పెట్టాను.

అందరూ వెళ్ళాక ఫెర్న్ పళ్ళేలు తుడవడానికి వచ్చింది. అంతగా ఎందుకు నవ్వారని అడిగాను. ఆమె నన్నూ నా ఏప్రాన్‌నీ చూసి, "ఇక్కడ చెప్పను. నడీన్ ఇల్లు ఖాళీ చెయ్యాలి కదా, రా. అక్కడ కూర్చుని చెప్తాను" అంది.

గురువారం వెళ్ళాను. "రేపు సాయంత్రానికి వచ్చెయ్, ఎల్లుండి పెళ్ళి పెద్దది" అని డ్వేన్ కారు అద్దాలు తుడిచి మరీ పంపించాడు. అక్క అద్దె ఇల్లు చిన్నది. దుప్పట్లు మడుస్తూ, బూట్లు సంచుల్లో వేస్తూ ఆ రోజు గడిచింది. మర్నాడు మధ్యాహ్నం ఫెర్న్ కాఫీ పెట్టి నన్ను వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. కప్పు నా ముందు వేరేవాళ్ళు పెట్టి ఎంత కాలమైందో గుర్తు రాలేదు.

"గుర్రం సంగతి చెప్పాను వాళ్ళకి. చిన్నప్పుడు మీ నాన్నతో పశువుల వేలంపాటకి వెళ్ళారట కదా మీరిద్దరూ. అవతల ఎవడో అందగాడు కనిపిస్తే నడీన్ చెయ్యెత్తి ఊపింది. వేలం వేసేవాడు గుర్రానికి పాట పాడిందనుకుని సుత్తి కొట్టేశాడు. ముసలి గుర్రం ఒకటి మీ నాన్న మెడకి పడింది. మిమ్మల్నిద్దర్నీ దానితో నడిపించుకుంటూ ఇంటికి పంపాడట. దారంతా నువ్వు ఏడుపు, తను పాటలు."

గుర్రం నిజమే. ఏడుపు, పాటలు కూడా నిజమే.

"అందగాడెవడూ లేడు" అన్నాను.

"లేడా?"

"జనంలో నేను తప్పిపోయాను. పశువుల కాళ్ళ మధ్య అక్క కోసం ఏడుస్తూ తిరుగుతున్నాను. తను మెట్లమీద నుంచి నన్ను చూసింది. చెయ్యెత్తింది నన్ను పిలవడానికి."

ఫెర్న్ కప్పు కింద పెట్టింది. "నాకెప్పుడూ అలా చెప్పలేదు. నవ్వించడానికి మార్చేసి ఉంటుంది" అంది. తర్వాత, అనాలో వద్దో తేల్చుకోలేనట్టు, "శనివారాలు కూడా అంతే. లేచి జుట్టు దువ్వుకుని, ఇదిగో ఈ కుర్చీలోనే కూర్చునేది, కిటికీ వైపు తిరిగి. రాదులే నడీన్ అంటే, తెలుసులే, ఊరికే రోడ్డు చూస్తున్నాను అనేది" అంది.

ఆమె వెళ్ళిపోయాక నేను లేవలేదు. సర్దాల్సినవి చుట్టూ ఉన్నాయి. పింగాణీ సామాను కాగితాల్లో చుట్టాలి, ఫ్రిజ్ కడగాలి. చేతులు బల్లమీద పెట్టుకుని కూర్చున్నాను. కిటికీలో రోడ్డు ఉంది. ఒక ట్రక్కు పోయింది. ఇంకేమీ రాలేదు. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. దానికి దారి తెలిసినట్టు లేదు. ఎప్పుడు వచ్చినా ఏదో ఒక పని దానికి అడ్డు నిలబడింది మరి.

ఎండ వాలుతుండగా ఫోన్ మోగింది.

"ఎక్కడిదాకా వచ్చావు?" అన్నాడు డ్వేన్.

"బయల్దేరలేదు."

"అదేంటి? పెళ్ళికూతురి తల్లి వచ్చి కూర్చుంది. నాప్కిన్లు ఏ రంగు వెయ్యాలో నాకు తెలియట్లేదు. అమ్మ ఒకటంటుంది, ఆవిడ ఒకటంటుంది. ఇప్పుడు బయల్దేరితే చీకటికి ముందే వచ్చేస్తావు."

"డ్వేన్, నడీన్ చనిపోయింది."

జబ్బు మనిషితో మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు. "తెలుసు మార్లీ. అందరికీ తెలుసు."

"నాకింకా తెలియలేదు. తెలిసేదాకా ఇక్కడే ఉంటాను" అన్నాను.