ఊడ్చేసిన జాడ

తెల్లవారగానే ఒడ్డు ఊడ్చడం ఆ దీవిలో ఆడవాళ్ల పని. వదీఫా యాభై ఏళ్లుగా ఊడుస్తోంది. మొదట్లో ఊరి కోసం, ఇప్పుడు ఇల్యాస్ నడిపే అతిథి గృహం కోసం. ఆ ఉదయం ఈనెల చీపురుతో మొగలి పొదల దాకా వచ్చేసరికి, నీళ్లలోంచి పైకి పాకి మళ్లీ నీళ్లలోకి దిగిన వెడల్పాటి జాడ కనిపించింది. తాబేలు గుడ్లు పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

వదీఫా ఆలోచించేలోపే చేతులు పని కానిచ్చేశాయి. చిన్నప్పుడు వాళ్లమ్మ నేర్పింది. జాడ చూడగానే చెరిపెయ్యాలి, లేకపోతే గుడ్లు వేరేవాళ్ల వంటింటికి పోతాయి. గుడ్లు తినకూడదని చట్టం వచ్చాక ఆమె ఒక్కటీ ముట్టుకోలేదు. చేతులు మాత్రం ఏదీ మరిచిపోలేదు. జాడ పోయాక గాని ఏం చేసిందో ఆమెకు తెలిసిరాలేదు.

జాడ కనిపిస్తే తాబేళ్లను కాపాడే రిఫ్ఫత్‌కు చెప్పాలి. ఆ పిల్ల వచ్చి కంచె వేస్తుంది. ఇప్పుడు చెబితే గుడ్లు కాజెయ్యడానికే చెరిపిందంటారు. కిందటేడు పొరుగింటి జలీల్‌ను ఇందుకే పోలీసులు పడవ ఎక్కించారు. అతని భార్య నీళ్ల అంచున నిలబడి చెయ్యి కూడా ఊపలేకపోయింది. వదీఫా రిఫ్ఫత్‌కు చెప్పకుండానే మిగతా ఒడ్డు ఊడ్చేసింది.

పొద్దు వాలాక చేసే అసర్ నమాజు అయ్యాక ఇల్యాస్, పనివాడు జావిద్ పార పట్టుకుని వదీఫా కూర్చున్న మొగలి పొదల దగ్గరికి వచ్చారు. విదేశీ కొత్త జంట ఒకటి ఆ సాయంత్రం ఇసుకలో భోంచేస్తుందట. కాళ్లు పెట్టుకోడానికి చుట్టూ గొయ్యి తవ్వి, మధ్యలో మిగిలిన దిబ్బనే బల్ల చేస్తారు.

"మొగలి నీడన బావుంటుంది. తవ్వు," అన్నాడు ఇల్యాస్.

"బల్లలు లేవా వీళ్ల దేశంలో? మా అమ్మ చూస్తే సమాధి అనుకుంటుంది," అన్నాడు జావిద్.

"నీ నోట ఒక్క మంచి మాట రాదురా."

పార దిగింది. వదీఫా గబుక్కున లేచింది. గుడ్లు సరిగ్గా ఎక్కడ? ఆమె ఇసుకను వెతికింది. చీపురు గీతలు అంతటా చేప పొలుసుల్లా వరసగా ఉన్నాయి. జాడ చెరిపిన ఒక్కచోట మాత్రం కంగారుగా, అడ్డదిడ్డంగా ఉన్నాయి. అది జావిద్ కాలికి రెండడుగుల దూరం. పార మళ్లీ లేచింది.

"ఆగరా!"

"ఏంటక్కా, పూనకం వచ్చిందా?"

"కదలకు. నీ ముందు గుడ్లున్నాయి."

"జాడేదీ?" అన్నాడు ఇల్యాస్.

"ఊడ్చేశాను."

"నువ్వా?" అన్నాడు. తర్వాత ఆమె మొహం వైపు చూడలేదు.

కబురు అందగానే రిఫ్ఫత్ పరుగెత్తుకొచ్చింది. అడ్డదిడ్డపు గీతల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మెల్లగా తోడింది. మోచెయ్యి లోపలికి పోయాక ఆగింది.

"ఉన్నాయి. పార ఇంకో జానెడు ఇటు పడుంటే అయిపోయేవి."

"బతుకుతాయా తల్లీ?"

"పైన తొక్కారు కదా. రెండు నెలలు ఆగితేగాని తెలీదు." ఇసుక కప్పేసి పుస్తకం తీసింది. "చెరిపిందెవరో రాయాలక్కా. రాయకపోతే నన్నూ వదిలిపెట్టరు."

"రాయి." వదీఫా తన చేతులు చూసుకుంది. "తినడానికి కాదమ్మా. చేతులు వాటంతటవే చేసేశాయి."

"నేను నమ్ముతాను. పైవాళ్లు నమ్మాలిగా."

రిఫ్ఫత్ ఆమె పేరు రాసుకుంది, తండ్రి పేరు కూడా అడిగి రాసుకుంది.

ఇల్యాస్‌కు తొందరగా ఉంది. "పొద్దు గుంకేలోపు వాళ్లొచ్చేస్తారు. అటు కొబ్బరిచెట్ల దగ్గర తవ్వుదాం పద."

జావిద్ పార భుజాన వేసుకుని అటు నడిచాడు. వదీఫా పరుగున వెళ్లి అతని చొక్కా పట్టుకుంది.

"అక్కడా వద్దు నాయనా."

"అక్కడా జాడ చూశావా?"

"చూశానో లేదో తెలీదు. నిన్నా మొన్నా అటూ ఈ చేతులే ఊడ్చాయి."

జావిద్ తన పాదాల కిందికి చూసుకున్నాడు. ఎటు అడుగు వెయ్యాలో ఎవరికీ తోచలేదు.