గంప దించే పాట

కానిస్టేబులు తీగ పీకేదాకా స్పీకర్లో సిద్దమ్మ గొంతే పాడుతోంది.

"గంప దించి గాలి పీల్చవే అక్కా..."

'అక్కా' అన్న మాట దగ్గర పాట తెగిపోయింది. మదనపల్లె బస్టాండు ఎదుట, మోసిన్ సీడీల అంగడిలోంచి కంప్యూటరును జీపులోకి ఎత్తారు. వెనకే మోసిన్‌ని ఎక్కించారు. జనంలో నిలబడ్డ సిద్దమ్మ చెయ్యి తనకు తెలియకుండానే గొంతు మీదికి పోయింది.

"ఏం చేసినాడప్పా ఆ పిల్లోడు?" అని కానిస్టేబుల్ని అడిగింది.

"పాటలు దొంగతనంగా సెల్లుల్లోకి ఎక్కించినాడు. కాపీరైట్ కేసు."

"ఎవురి పాట?"

"కంపెనీది."

సిద్దమ్మ టమోటా మండీలో కాయలు ఏరుతుంది. అక్కడ ఒక కుప్ప దగ్గర ఆడవాళ్లు ఒక చరణం ఎత్తుకుంటే, పక్క కుప్పవాళ్లు ఇంకొకటి కట్టి అందుకుంటారు. ఎవరు ఏది కట్టారో ఎవరికీ గుర్తుండదు. మొదలుపెట్టేముందు పెద్దామె "ఈ పాట మాది కాదు, మా ముందోళ్లది" అనాలి. అది మర్యాద. నిరుడు సీడీల కంపెనీవాళ్లు రికార్డు చేసే యంత్రంతో వచ్చినప్పుడూ పెద్దామెగా సిద్దమ్మ ఆ మాట అనే పాడింది. సీడీ అయితే వచ్చింది గానీ మండీలో దాన్ని కొనగలిగినవాళ్లు లేరు. మోసిన్ తల్లి ఖాతూన్‌దీ అదే కుప్ప. అందుకే వాడు అందరి సెల్లుల్లోకీ ఊరికే ఎక్కించాడు.

సాయంత్రం మండీ అంతా స్టేషన్ మెట్ల మీద కూర్చుంది. పక్కనున్న అంగళ్లు ఊరి కాలేజీ పిల్లలూ వచ్చారు. కూలీల సంఘం తరఫున సుధారాణి ముందుకెళ్లింది.

"పాడినోళ్లకూ హక్కుండాదని చట్టంలోనే రాసుండారు సార్."

"ఉండాది. రికార్డు చేసుకోమని ఒప్పుకున్నాక లేదు," అన్నాడు ఎస్సై. "ఆయమ్మ ఏం చెప్పిందో ఇనండి."

వరండాలో బల్ల మీదున్న ప్లేయర్లో సీడీ పెట్టాడు. మొదటి మాటే అది. ఈ పాట మాది కాదు.

పక్కనే నిలబడ్డ, కేసు పెట్టిన కంపెనీ మనిషి చేతులు కట్టుకుని నవ్వాడు. సిద్దమ్మకు ఆ గొంతు తనది అనిపించలేదు. తనలోంచి ఎవరో బయటికి నడిచిపోయి, అవతలివైపు నిలబడి సాక్ష్యం చెబుతున్నట్టుంది. నేనేమీ అబద్ధం చెప్పలేదే. మరి మెడ ఎందుకు వంగిపోతోంది? గంప మండీవాళ్లది, తూకం సేటుది, పనిచేసే చోటు ఎవరిదో. నాది అనే మాట ఏనాడైనా ఈ నోట వచ్చిందా?

"యాల తలొంచుకుంటావు సిద్దమ్మా?" ఖాతూన్ లేచి కంపెనీ మనిషిని చూపింది. "ముందోళ్లది అన్నావు. ఈయప్ప మనకు ముందోడా?"

ఆడవాళ్లు నవ్వారు. కంపెనీ మనిషి మొహం మాడిపోయింది. "యంత్రం మాది. ఖర్చు మాది."

"యంత్రం ఎత్తుకపో అప్పా. పాట ఈడ పెట్టిపో."

"లేవండి," ఎస్సై లాఠీ బల్ల మీద కొట్టాడు. "పాడినా, సెల్లుల్లో పట్టినా అందర్నీ లోపలేస్తా."

ఎవరూ లేవలేదు. కాలేజీ పిల్లల చేతుల్లో సెల్లులు ఒక్కొక్కటే పైకి లేచాయి. పాట మొదలు కావాలంటే ముందు ఆ మాట రావాలి. అందరూ సిద్దమ్మనే చూస్తున్నారు. నాలుక అలవాటు కొద్దీ పాత మాట మీదికే పోయింది. దాన్ని మింగింది. మళ్లీ నోరు తెరిచింది.

"ఈ పాట మాది."

అంతవరకే అనగలిగింది. కానిస్టేబులు రెక్క పట్టుకుని లాగాడు. మొదటి చరణం ఖాతూన్ అందుకుంది. ఆమెనూ లాగుతుంటే పక్క కుప్పవాళ్లు ఎత్తుకున్నారు. జీపు నిండిపోయింది. పాట ఇంకా మెట్ల మీదే ఉంది.