వెనకంతా మసక

ఆ ఫొటో చూసి పద్దెనిమిది మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. పందొమ్మిదో మనిషి ఫోన్ చేశాడు.

"జ్యోతమ్మా, స్టేటస్‌లో పెట్టేవే, అదెక్కడ తీసేవ్?"

లాజరు గొంతు. ఆశాజ్యోతికి మేనమామ. ఏటిగట్టు మీద ముప్పయ్యేళ్ళు లస్కరుగా కాపలా తిరిగి రిటైరైన మనిషి.

"బావుందా మావయ్యా?"

"బాగోటం సంగతి తర్వాత. ఎక్కడ?"

ఆశాజ్యోతి రెల్లుగడ్డ పేట స్కూల్లో టీచరు. మూడు నెలల క్రితం ఒక పాత కెమెరా కొనుక్కుని, ఆన్‌లైన్ క్లాసులో చేరింది. ఈ వారం పాఠం ఒకటే: చిన్న వస్తువుకి బాగా దగ్గరికి వెళ్ళాలి, అది స్పష్టంగా రావాలి, వెనకంతా మసకైపోవాలి. పొద్దున్నే వాన తెరిపివ్వగానే కెమెరా మెళ్ళో వేసుకుని గట్టు వెంట నడిచింది. వెలుగు బాగున్న చోటల్లా ఇవతలి వాలు దిగి, గడ్డిలో బోర్లా పడుకుంది. అలా దొరికిందే ఆ బొమ్మ. చిప్పెడు నీళ్ళ గుంట. అడుగునుంచి నీరు బుడబుడమని పైకొస్తోంది. చుట్టూ సన్నటి ఇసుక చీమల పుట్టలా గుండ్రంగా పేరుకుంది. నడుమ ఒక్క బుడగ, పగలబోతూ.

"అది గుంట కాదే తల్లీ, బుంగ," అన్నాడు లాజరు. "అవతల గోదారి గట్టు కింద దారి చేసుకుని ఇవతల తలెత్తుతోంది. ఒట్టి నీళ్ళొస్తే ఊట, పోన్లే అనుకోవచ్చు. ఇసక కక్కుతోందంటే లోపల గట్టుని తినేస్తోందన్నమాట."

ఆమె కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది.

ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక నిన్న సాయంత్రమే ఇచ్చారు. మూడోది మధ్యాహ్నం లోపే అంటున్నారు. లంకల్లోంచి పడవల మీద తెచ్చిన రెండు వందల మంది పిల్లాజెల్లాతో ఆమె స్కూల్లోనే ఉన్నారు. స్కూలు సరిగ్గా గట్టు కింద. తాళం తీసి, ఇక భయం లేదని చెప్పి, వాళ్ళని లోపలికి పంపింది తనే.

లాజరు కబురందుకుని పది నిమిషాల్లో గట్టు ఇంజనీరు మణిశంకర్ బండి మీద ఆమె ఇంటికొచ్చాడు. వెనకాల లాజరు, చేతిలో పాత వెదురు కర్ర. ఇంజనీరు కెమెరా తీసుకుని తెరని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"వెనకాల చెట్టో ఇల్లో కనిపిస్తే చోటు తెలిసిపోద్ది కదండీ. ఇందులో ఏం లేదేంటి మేడమ్?"

"అదేనండి పాఠం," అంది ఆమె.

"లొకేషన్ ఉండదా?"

"పాత కెమెరా అండి. టైమొక్కటే ఉంది. ఆరూ యాభై రెండు."

"మిగతా ఫొటోలు?"

"నలభై మూడు తీశానండి. బాగా రానివి ఎక్కడివక్కడే కొట్టేశాను. చెత్త మోసుకు తిరగొద్దని క్లాసులో చెప్పారు."

మణిశంకర్ ఆమె వైపు చూసిన చూపుకి ఆమె తల దించుకుంది. ఆరు కిలోమీటర్ల గట్టు. మోకాలెత్తు గడ్డి. చిప్పెడు గుంట.

"అరటితోట దగ్గరనుకుంటానండి," అంది. "అవును, అక్కడే. చల్లగాలి తగిలింది."

ఆ మాట మీద, గట్టు పనికని ఇసుక బస్తాలతో వచ్చిన ఇరవై మంది కూలీలు అరటితోటకి పరిగెత్తారు. కర్రలతో గడ్డి చీల్చి చూశారు. ఏమీ లేదు. ఆమె అడుగుల జాడ కూడా లేదు, ఈలోగా పడ్డ వాన తుడిచేసింది. గట్టుకి అవతల గోదారి ఎర్రగా, చప్పుడు లేకుండా పెరుగుతోంది. వాళ్ళు వచ్చినప్పుడు పైకి కనిపించిన రేవు మెట్లలో రెండు ఇప్పుడు లేవు.

తొమ్మిదిన్నర అయింది.

"ఫొటోలు తీసేవాళ్ళకి ఎక్కడ తీశారో తెలీకపోవడం ఏంటండీ!" మణిశంకర్ విసుక్కున్నాడు.

ఆశాజ్యోతి మళ్ళీ తెరలోకే చూసింది. పొద్దున తిరిగిన ఆ గంటసేపూ తను చూసింది అంగుళం మేర లోకాన్నే. దాని చుట్టూ ఏముందో ఒక్కసారి తలెత్తి చూసుకోలేదు.

"ఏదీ, ఇటియ్యి," అన్నాడు లాజరు. తెరని చేతికందినంత దూరంలో పట్టుకుని, ఉన్నట్టుండి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మావయ్యా, జోడు లేకుండా ఏం కనిపిస్తుంది నీకు?"

"అదేనే. కంటికి ఆపరేషనవ్వక ముందు రెండేళ్ళు ఈ గట్టు ఇలాగే తిరిగాను. లోకమంతా మసకే. చెబితే ఉద్యోగం పోద్దని ఎవరికీ చెప్పలేదు. రంగు మచ్చల్ని బట్టే ఎక్కడున్నానో లెక్కేసుకునేవాణ్ణి." కర్ర చివరతో గాలిలో చూపించాడు. "పైన ఎర్ర మచ్చ. దానికింద తెల్లగా రెండు, పక్కపక్కన. ఇవేంటనుకున్నావ్?"

"మందారాలేమో అనుకున్నాను."

"మందారాలు కాదే పిచ్చిదానా. సున్నం కొట్టిన దిమ్మలు రెండు, వాటి మీద తలుపు తిప్పే ఎర్ర చక్రం. పాత తూము."

పాత తూము ఆశాజ్యోతి స్కూలు వెనకే, యాభై గజాల్లో ఉంది.

పరిగెత్తారు. తూము పక్క గడ్డిలో ఇప్పుడది చిప్పెడు లేదు, చేటంత ఉంది. బుడగలు కాదు, మూరెడు ఎత్తున ఎర్రనీరు ఎగదన్నుతోంది. లాజరు చేయి పెట్టి దోసిలి పట్టాడు. నీరు జారిపోయాక అరచేతిలో పిడికెడు ఇసుక మిగిలింది. కూలీల్లో ఒకడు ఇసుక బస్తా ఎత్తి దాని నోట్లో వేయబోయాడు.

"ఆగరా! పైన మూస్తే పక్కన పగులుద్ది. చుట్టూ పేర్చండి, బావిలాగ. లోపల నీళ్ళెత్తు పెరిగితే ఆ జోరు అదే చస్తుంది."

ఆశాజ్యోతి ఆగలేదు. స్కూలు గంట అందుకుని, చేయి నొప్పెట్టేదాకా కొట్టింది. "గట్టెక్కండి! మూటలొద్దు, పిల్లల్నెత్తుకోండి!" పొయ్యిల మీద అన్నం అలాగే వదిలేసి జనం గట్టెక్కారు. నడవలేని ముసలమ్మని ఇద్దరు కుర్చీతో సహా మోశారు. గదులన్నీ రెండుసార్లు చూసుకుని ఆఖర్న తను ఎక్కింది.

పదకొండింటికి బస్తాల బావి నడుము లోతు నిండింది. లోపల నీరు మెల్లగా తేరుకుని, ఇసుక అడుగుకి దిగింది. మణిశంకర్ ముఖం తుడుచుకుని మొదటిసారి నవ్వాడు.

"మీ ఫొటో ఊరిని నిలబెట్టింది మేడమ్."

లాజరు నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని మేనకోడలి దగ్గరికొచ్చాడు.

"జ్యోతమ్మా. నలభై మూడు తీసేనన్నావ్."

"అవును."

"అన్నీ ఈ బుంగవేనా?"

ఆమె ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. మొదటి గుంట దగ్గర చేయి వణికింది, కొట్టేసింది. రెండో దగ్గర వెలుగు చాల్లేదు, కొట్టేసింది. తర్వాతది, ఆ తర్వాతది. ప్రతిచోటా గుండ్రటి ఇసుక అంచు ఎంత ముచ్చటగా ఉందో మాత్రం కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. బుడగ కుదిరింది ఒక్క చోటే, ఇక్కడ.

"ఎన్నే?" లాజరు గొంతు తగ్గించాడు.

"ఏడు," అంది. "ఎనిమిదేమో."

కెమెరా తెరమీద ఒక్క బొమ్మే వెలుగుతోంది. గట్టు మీద ఆ రెండు వందల మందీ, పిల్లల్ని చంకనెత్తుకుని, వాన జల్లులో వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక గోదారి రేవు ఆఖరి మెట్టెక్కింది. వాళ్ళ కాళ్ళ కింద, ఎక్కడెక్కడో, ఆమె చెరిపేసిన చోట్లలో, నీరు చప్పుడు లేకుండా ఇసుక మోస్తోంది.

లాజరు కర్ర ఆమె చేతికిచ్చాడు.

"పద. పొద్దున ఎక్కణ్ణించి మొదలెట్టేవో, అక్కణ్ణించే నడు. ఈసారి తలెత్తి చూడు."