పడుగు దగ్గర అడిగిన మాట

ఇంటికొచ్చిన మనిషికి కాదని చెప్పడం మా వీధిలో ఎవరికీ చేతకాదు. కుర్చీ వేస్తాం, ఫ్యాను ఆ మనిషి వైపు తిప్పుతాం, కాఫీ ఇస్తాం. ఏది అడిగినా "దానికేముందండీ, అలాగే" అంటాం. ఇష్టం లేని సంగతైతే ఆ మాటే కాస్త మెల్లగా అంటాం. మాలో మాకు అది చాలు.

జ్యోతిర్మయికి అది తెలియదు. ఆ అమ్మాయి చదువూ మొదటి ఉద్యోగమూ బెంగుళూరులో. ఈ మధ్యే విజయవాడ ఆఫీసుకి వచ్చింది. మా వీధి పక్కన మూతపడ్డ రైస్ మిల్లు స్థలాన్ని వాళ్ల కంపెనీ కొన్నది. అక్కడ పెద్ద బిల్డింగు కడతారట. కింద షాపులు, వాటి మీద ఆఫీసులు, ఆపైన ఫ్లాట్లు, ఒక పక్క సినిమా హాలు. కట్టే ముందు చుట్టుపక్కల వాళ్లు ఏమనుకుంటున్నారో కనుక్కు రమ్మని ఈ పిల్లని పంపారు.

మా ఇంటికి వచ్చినప్పుడు తన చేతిలో పలకంత ఫోను ఉంది. అందులో బొమ్మ చూపించింది. తెల్లటి బిల్డింగు, చుట్టూ చెట్లు, చెట్ల కింద నవ్వుతూ నడిచే మనుషులు. ఆ మనుషుల్లో మావాళ్లెవరూ లేరు.

"ఈ నల్లటిదేంటమ్మా?" అన్నాను.

"అది మీ వీధే ఆంటీ. వెడల్పు చేసి తారు వేస్తాం. కార్లు సెల్లార్‌లోకి దిగేది ఇటు నుంచే. గేటు ఇక్కడొస్తుంది."

ఆ వీధి మీదే మా పని. అయినా "బాగుందమ్మా. కాఫీ చల్లారిపోతోంది, తాగు" అన్నాను.

మా వీధి పోరంకి దాటాక బందరు రోడ్డు మీద మొదలై కాలువ గట్టు దగ్గర ఆగుతుంది. మధ్యలో ఎక్కడా వంకర లేదు. అందుకే మా మామగారి తరం వాళ్లు ఇక్కడ మగ్గాలు వేశారు. చీరకి నిలువున వెళ్లే దారాల్ని పడుగు అంటాం. మగ్గానికి ఎక్కించే ముందు ఆ పడుగుని వీధి పొడుగునా కర్రల మీద చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, లేత ఎండలో ఆరబెట్టాలి. పొద్దెక్కితే దారం పెళుసెక్కుతుంది. ఇంట్లో జరిగే పని కాదు, ఒక్కరి వల్ల అయ్యే పనీ కాదు. పడుగు వేసిన పొద్దున బళ్లు అవతలే ఆగుతాయి. మనుషులు దాని కింద నుంచి వంగి వెళ్తారు. నూలు మిల్లులో గంజి పెట్టిన దారం కొనుక్కోవచ్చుగా అంటారు కొందరు. ఆ దారంతో నేసిన చీర ఒకసారి కట్టినవాళ్లు మళ్లీ మా చీర అడగరు.

ఇప్పుడు వీధిలో మగ్గాలు కొన్నే మిగిలాయి. నాది ఒకటి, మా బావగారు సాంబమూర్తిగారిది ఒకటి, ఎదురింటి ధనశ్రీది ఒకటి. మా ఆయన పోయాక ఆ మగ్గమే నన్ను నిలబెట్టింది. వీధి పోతే మగ్గం గుంట పూడ్చుకుని కూర్చోవడమే.

జ్యోతిర్మయి వెళ్లగానే పక్కింటి షహజాది గోడ మీదుగా తొంగి చూసింది. మేం నేసిన చీరలకి ఫాల్ కుట్టి, మూట కట్టి, వన్ టౌన్ షాపులకి తీసుకెళ్లి అమ్మేది తనే. పడుగు వేసినప్పుడు నాకు ఎదురుగా నిలబడి కుంచె పట్టేదీ తనే.

"ఏమన్నావక్కా ఆ పిల్లతో?"

"బాగుందన్నా. మరి నువ్వు?"

"నేనూ అదే అన్నా," అని లోపలికి వెళ్లిపోయింది. అంతకన్నా మాట పొడిగించలేదు. మామూలుగా షహజాది మాట మొదలుపెడితే పొయ్యి మీద కూర అడుగంటాలి.

ఆదివారం చేనేత సొసైటీ హాల్లో మీటింగు పెట్టారు. కాలనీ ప్రెసిడెంటు హరిబాబుగారు మైకు పట్టుకున్నారు. ఆయనకి ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు ఉంది. ఏం చెప్పినా బేరం చెప్పినట్టే గట్టిగా చెబుతారు.

"కంపెనీవారు ఇల్లిల్లూ తిరిగి అడిగారండి. వీధంతా ఏకగ్రీవంగా ఒప్పుకున్నారని చెబుతున్నారండి."

హాల్లో కుర్చీలు కదిలాయి. ముందు వరసలో మా బావగారు లేచారు.

"నేను ఒప్పుకోలా."

జ్యోతిర్మయి కంగారు పడింది. "చాలా బాగుందన్నారు కదా తాతగారూ?"

"బొమ్మ బాగుందన్నా. బాగున్నదాన్ని బాగలేదంటానా?"

"నేనూ ఒప్పుకోలేదండి," అంది ధనశ్రీ వెనక నుంచి. "అలాగే అన్నా. అలాగే అంటే అయిపోయినట్టా?"

హరిబాబుగారు మైకు పక్కన పెట్టి గొంతు తగ్గించారు. "నిజం చెప్పాలంటే నాకూ ఇబ్బందేనమ్మా. సినిమాకొచ్చేవాళ్లు బళ్లన్నీ నా గుమ్మంలో పెడతారు."

"మీరు బందరు లడ్డు పెట్టారు కదా సార్," అంది ఆ పిల్ల. ఏడుపు ఒక్కటే తక్కువ.

"నీకు పెట్టానమ్మా. బిల్డింగుకి పెట్టలా."

అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. "మా ఆఫీసులో ఇప్పటికే చెప్పేశానండీ, అందరూ సరేనన్నారని. ఇప్పుడు మళ్లీ వెళ్లి ఏం చెప్పను? మీరే చెప్పండి, మిమ్మల్ని ఎలా అడగాలి?"

తప్పు ఆ పిల్లది కాదు. మేమే మర్యాద పేరుతో మా గొయ్యి మేం తవ్వుకున్నాం. నేను లేచాను.

"ఎల్లుండి పొద్దున్నే రామ్మా. నా పడుగు వేస్తున్నాం. అక్కడ అడుగు."

"అక్కడైతే చెబుతారా ఆంటీ?"

"అక్కడ నీకు కుర్చీ వేసేవాళ్లుండరు. అందరి చేతులకీ గంజే."

పడుగు దగ్గర మాకొక పద్ధతుంది. రెండు వైపులా నిలబడ్డవాళ్ల చూపు దారం మీదే ఉంటుంది. ఎదుటి మనిషి మొహం చూడక్కర్లేదు కాబట్టి మనసులో ఉన్నది నోటికొస్తుంది. గొంతు మాత్రం పెంచకూడదు. కోపంతో చెయ్యి విసిరితే దారాలు తెగుతాయి. తెంపినవాళ్లే కూర్చుని ఒక్కొక్కటీ అతకాలి. అత్తాకోడళ్ల తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు ఇక్కడే తేలేవి. పెద్దమనుషుల దాకా వెళ్లేవి కావు.

జ్యోతిర్మయి చెప్పిన వేళకే వచ్చింది. చున్నీ నడుముకి బిగించుకుంది. పడుగు అప్పటికే గట్టు దాకా చాచి ఉంది. ఈ చివర నుంచి చూస్తే తెల్లటి నీళ్లు కదలకుండా పారుతున్నట్టుంటుంది. ఆ పిల్ల ఫోను బయటికి తీసింది.

"అది లోపల పెట్టు," అన్నారు బావగారు. "ఈ గంజి గిన్నె పట్టుకుని నా వెంట నడు. నడుస్తూ అడుగు."

గిన్నె పట్టుకుంది. అడిగింది.

"నాకు వద్దు," అన్నారు బావగారు కుంచె దువ్వుతూ. "నేనెన్నాళ్లుంటానో తెలీదు. ఉన్నన్నాళ్లు ఈ వీధిలో పడుగుండాలి. తర్వాత మీ ఇష్టం."

"నాకు కావాలండి," అంది ధనశ్రీ. మీటింగులో ఒప్పుకోలేదన్న మనిషి. "షాపులొస్తే రోడ్డు మీద లైట్లొస్తాయి. మా పాప ట్యూషన్ నుంచి వచ్చేసరికి చీకటి. కానీ పడుగుకి చోటు పోతే మాత్రం వద్దు."

హరిబాబుగారు మార్నింగ్ వాక్ నుంచి వస్తూ పడుగు కింద దూరబోయారు. పొట్ట అడ్డొచ్చి సగంలో ఆగారు. "నాది కూడా రాసుకోమ్మా. గేటు బందరు రోడ్డు వైపు పెడితే నాకేం అభ్యంతరం లేదు."

"ముందు బయటికి రండి సార్," అంది జ్యోతిర్మయి. అప్పుడు నవ్వింది, వచ్చాక మొదటిసారి.

తర్వాత షహజాది వంతు. నాకు సరిగ్గా ఎదురుగా ఉంది. కుంచె ఆపకుండా, తల ఎత్తకుండా అంది.

"నాకా బిల్డింగు కావాలమ్మా. అందులో చిన్న షాపు కావాలి."

నా చేతి కింద దారం తెగింది. చూస్తూనే ఉన్నాను గానీ అతకలేదు.

"నాతో చెప్పలేదేం?" అన్నాను.

"ఎలా చెప్పనక్కా? నీకు వీధి పోతుందని తెలిసి నాకు షాపు కావాలని ఎలా అంటాను?" గొంతు తగ్గించే అంటోంది, పద్ధతి తప్పకుండా. "మోకాళ్లు పోయాయి. ఆ మూటలు మోసుకుని వన్ టౌన్ మెట్లెక్కలేకపోతున్నా. ఒక్కో షాపు ముందు నిలబడి, రేపు రా అంటే మళ్లీ వెళ్లి. నాదంటూ నాలుగు గోడలుంటే కొనేవాళ్లే నా దగ్గరికొస్తారు. మా సోహైల్ వద్దంటాడు, ఇంట్లో కూర్చో అమ్మీ అంటాడు. కూర్చుని ఏం చెయ్యను, వాడి మొహం చూస్తూ?"

కుంచెల చప్పుడు ఆగలేదు.

షహజాదికి మోకాళ్లు నొప్పులని నాకు తెలుసు. నూనె నేనే కాచి ఇచ్చాను. మూట మాత్రం మామూలుగానే తన నెత్తికెత్తాను. బేరం బాగా కుదిరిందని వచ్చి చెబితే సంతోషించాను తప్ప, ఆ మెట్ల గురించి ఒక్కనాడూ అడగలేదు.

"మీరు ఆంటీ?" అంది జ్యోతిర్మయి. "మీది ఒక్కటే మిగిలింది."

వద్దని చెప్పాలనే వచ్చాను. రాత్రంతా ఆ మాటే సాధన చేశాను కూడా. వచ్చిన మనిషి మొహం మీద వద్దనడం అలవాటు లేని నోరు కదా.

"కట్టండమ్మా," అన్నాను. "కట్టాలి. షహజాదికి షాపుండాలి. కానీ కార్లు ఇటు రాకూడదు. గేటు రోడ్డు వైపు పెట్టుకోండి. మా పడుగు ఆరేవరకూ ఈ వీధి మాది. ఎండెక్కాక ఎవరు నడిచినా మాకేం లేదు. ఇది మర్యాదకి చెప్పే మాట కాదు. ఇలాగే వెళ్లి చెప్పు."

"మా వాళ్లు ఒప్పుకోకపోతే?"

"అప్పుడు నేను ఒప్పుకోను. అదీ చెప్పు."

షహజాది తలెత్తి నా వైపు చూసింది. పడుగు దగ్గర అలా చూడకూడదు.

"దారం తెగింది చూసుకో అక్కా," అంది.

కంపెనీ పెద్దలు సులువుగా ఒప్పుకోలేదు. రోడ్డు వైపు గేటు పెడితే రెండు షాపుల చోటు పోతుందన్నారు. జ్యోతిర్మయి వాళ్ల ఇంజనీరుని వెంటబెట్టుకుని ఇంకో పొద్దున వచ్చింది. ఆయన పడుగు కింద నుంచి వంగి వెళ్లాడు, వంగి వచ్చాడు, బావగారి చేత చిన్న చీవాట్లు కూడా తిన్నాడు. వర్షాలు మొదలయ్యే వేళకి కొత్త ప్లాను వచ్చింది. గేటు బందరు రోడ్డు మీదికి మారింది. వీధి తారు లేకుండా వదిలేశారు. మాట సరిపోదని, హరిబాబుగారు దాన్ని కాగితం మీద పెట్టించేదాకా ఆ ఆఫీసు వదల్లేదు. బావగారికి మాత్రం ఇప్పటికీ నమ్మకం లేదు.

అద్దెకి షాపులు కావాల్సినవాళ్లు పేర్లు రాయించుకునే రోజున షహజాదికి తోడుగా నేనూ వెళ్లాను. రోడ్డు వైపు షాపులు కొన్ని, మా వీధి వైపు కొన్ని. ఎటు కావాలో జ్యోతిర్మయి అడిగింది.

"వీధి వైపు," అంది షహజాది.

నేను చెయ్యి పట్టి పక్కకి లాగాను. "మతి పోయిందా? కొనేవాళ్లు రోడ్డు మీదుంటారు గానీ గట్టు మీదుంటారా?"

"వీధి వైపైతే పడుగు వేసిన రోజు తలుపు తీసి ఇలా వచ్చి కుంచె పట్టుకుంటా. రోడ్డు వైపైతే పొద్దున్నే షాపు వదిలి రాగలనా?"

"రావద్దు."

"నీకెదురుగా ఎవరు నిలబడతారు?"

"ఎవరో ఒకరు. ధనశ్రీ చెల్లెలికి నేర్పుకుంటా. నీ అంత బాగా దువ్వదు. అయితే ఏం? నేను తిట్టుకుంటూ చేసుకుంటా."

"తిట్టడానికైనా నేను కావాలి కదక్కా నీకు."

"సాయంత్రం షాపుకొచ్చి తిడతా. కొనేవాళ్ల ముందే తిడతా." జ్యోతిర్మయి వైపు తిరిగాను. "రోడ్డు వైపు రాయమ్మా."

జ్యోతిర్మయి రాయలేదు. షహజాది మొహం చూసింది.

"మీరు చెప్పండి ఆంటీ. ఇది మర్యాదకి ఊరుకోవడం కాదు కదా?"

షహజాది కొంగుతో మొహం తుడుచుకుంది.

"రోడ్డు వైపే," అంది. "బస్టాపుకి దగ్గరగా ఉన్నది ఇవ్వమ్మా."