చేపలకు విసుగు

కత్తెర మామ సెలూన్‌లో పొద్దుటి పని పేపరుతో మొదలయ్యేది. మొదటి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు గుడ్డ చుట్టి, చెంపలకు నురగ పట్టించి, పేపర్లో ఓ మూలన వేసే సైన్సు వార్త పైకి చదివేవాడు. చదివి ఒక మాట అనేవాడు. బెంచీ మీదివాళ్ళు పగలబడి నవ్వేవారు. ఎదురుగా ఏసీ షాపు తెరిచినా జనం ఇంకా ఇటే వస్తున్నారంటే అది తన నోటి చలవేనని ఆయనకు తెలుసు.

"మనిషి నూటయాభై ఏళ్ళు బతకొచ్చట. వెంట్రుకలు ఎన్నాళ్ళు బతుకుతాయో చెప్పలేదు. నాక్కావలసింది అదీ!"

"కంప్యూటరు కవిత్వం రాస్తోందట. రాయనీ. వచ్చి ఈ డ్రైవరు గడ్డం గీయమను, అప్పుడు ఒప్పుకుంటా."

చిన్నప్పుడే బడి మానిపించి ఆయన చేతికి కత్తెర ఇచ్చారు. చదువుకున్నవాళ్ళు తేల్చినదాన్ని రోజూ ఒక్క మాటతో పడగొడితే లోపలెక్కడో చల్లగా ఉండేది.

ఆ రోజు వార్త చేపల గురించి. తొట్టెలో ఏ మార్పూ లేకపోతే చేపలకు విసుగు పుడుతుందనీ, మేత మానేస్తాయనీ, నాలుగు గులకరాళ్ళు అటూ ఇటూ జరిపితే మళ్ళీ హుషారొస్తుందనీ ఎవరో పరిశోధకులు కనిపెట్టారు.

"విన్నావా డ్రైవరూ? ఏళ్ళ తరబడి తొట్టె ముందు కూర్చుని, చేపకు విసుగొచ్చిందని తేల్చారట. కూర్చున్నవాడికి రాలేదంటే వాడికంటే చేపే నయం! మా ఆవిడకు విసుగొస్తే పుట్టింటికి పోతుంది. పాపం, చేప ఎక్కడికి పోతుంది?"

బెంచీ మీది దర్జీ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. గుమ్మంలో మామ కూతురు నిలబడి ఉంది, చేతిలో మడిచిన పేపరుతో. ఆమె కూడా నవ్వింది.

"ఏమ్మా, ఇటొచ్చావు?"

"ఏం లేదు నాన్నా, బస్సుకు వెళ్తూ..." అని పేపరు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం భార్య కంచం పెడుతూ చెప్పింది. "పేపర్లో పేర్లు వెయ్యలేదు గానీ, ఆ చేపల సంగతి మన పిల్ల చేసిందేనట. 'నాన్న పైకి చదువుతాడు కదమ్మా, ఆయన నోట వినాలి' అని పరిగెత్తింది. విన్నది."

ముద్ద కంచంలో పెట్టేశాడు. ప్రయోగశాలలో ఏం పనమ్మా అని కూతుర్ని ఆయన ఒక్కసారే అడిగాడు. ఆమె నోరు విప్పీ విప్పకముందే ఏదో జోకు వేశాడు. మళ్ళీ ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

చెయ్యి కడుక్కుని కూతురి గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ముందే చెప్పొచ్చు కదమ్మా."

"జోకు బాగుంది నాన్నా. మా లాబ్‌లో చెప్తే అందరూ నవ్వారు."

"రేపు నువ్వు బస్సుకు వెళ్ళే వేళకు మళ్ళీ చదువుతా. ఈసారి సరిగ్గా."

"వద్దులే నాన్నా," అంది గానీ, తలెత్తి చూసింది.

మర్నాడు పాత పేపరే తీశాడు. వార్త మొత్తం చదివాడు, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు. చదివి ఊరుకున్నాడు. బెంచీ కాసేపు ఎదురుచూసింది.

"అబ్బ, ఆ మొహం చూడండ్రా!" అని దర్జీ మొదలుపెట్టాడు. అందరూ అందుకున్నారు.

"నవ్వకండి. నిజంగానే చెప్తున్నా. ఇది మా అమ్మాయి కనిపెట్టింది."

ఆ మాటతో షాపు దద్దరిల్లింది. కుర్చీలో డ్రైవరు నురగ మొహంతో మెలికలు తిరిగిపోయాడు. "చంపేశావు మామా! మా అత్తగారి కోడికి బెంగ పట్టుకుంది, మీ అమ్మాయికి కాస్త చూపించు!"

అద్దంలో అవతలి పేవ్‌మెంటు కనబడుతోంది. కూతురు అక్కడ ఆగి ఉంది. ఆమెకు మాట వినపడే దూరం కాదు. నవ్వు వినపడుతుంది. ఆమె కూడా కాస్త నవ్వి, వెళ్ళొస్తానన్నట్టు చెయ్యి ఊపింది.

కత్తెర మామ భుజం మీద తువ్వాలుతోనే వీధిలోకి పరిగెత్తాడు. ఆమె ఎక్కిన బస్సు కదిలిపోయింది. వెనక బెంచీ మీదివాళ్ళు చప్పట్లు కొట్టారు, అదీ జోకులో భాగమే అనుకుని.

లోపలికొచ్చాడు. డ్రైవరు చెంపల మీద నురగ ఎండిపోయింది.

"కానియ్ మామా, డ్యూటీకి వేళవుతోంది."

ఆయన మళ్ళీ నురగ కలపసాగాడు.