బిగించకూడని స్క్రూలు

గడియారాలు బాగుచేసే ఆయన కొట్టు గోడకి ఒక అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. ‘మీరు విప్పి చూసిన గడియారం మేం ముట్టుకోం’ అని దాని మీద ఆయనే స్వయంగా రాసుకున్నాడు. ఆ విషయంలో ఎంత పెద్దవాళ్లొచ్చినా మొహమాటపడడు.

దైవభక్తి ఉన్న మనిషి. కాకపోతే ఇంటికి తాళం వేసి, ‘స్వామీ, ఇక నీదే భారం’ అని కళ్లు మూసుకుని దండం పెట్టి, వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చి తాళం లాగి చూస్తాడు. “మీ భారం దేవుడి మీద సగం, తాళం మీద సగం” అని భార్య ఎగతాళి చేస్తుంది. నిజమే కదా అనుకుంటాడు గానీ, మర్నాడూ లాగి చూస్తాడు.

ఆయన కూతురు రైఫిల్ పోటీల్లో పాల్గొంటుంది. ఆదివారం ఎంపిక పోటీ. జట్టులో చోటు దక్కాలంటే ఈసారే, వయసు దాటితే మళ్లీ రానివ్వరు. తీరా ఇప్పుడు ఆమె రైఫిల్ మొండికేసింది. గురి ఒకచోట, గుండు ఇంకోచోట. తుపాకుల మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తేల్చేశాడు.

“చెక్కలో గొట్టం ఇనుము కూర్చునే చోటు అరిగిందమ్మా. పేల్చినప్పుడల్లా వెంట్రుకవాసి జరుగుతోంది. కూర్చున్నచోట కుదురు లేనివాడు మాట మీద నిలబడతాడా? ఇదీ అంతే.”

గురువారం మధ్యాహ్నం తండ్రి చూస్తుండగానే మేస్త్రీ పని మొదలుపెట్టాడు. చెక్క గాడిని లోపల గీకి శుభ్రం చేశాడు. అంటుకుపోకుండా ఇనుముకి మైనం పట్టించాడు. రెజిన్ అనే జిగురు కలిపి గాడిలో పోసి, ఇనుమును అందులోకి మెల్లగా దించి, పైన రబ్బరు పట్టీలు చుట్టాడు. రెజిన్ గట్టిపడితే ఇనుము ఆకారానికి అచ్చంగా సరిపోయే పడక తయారవుతుంది. రెండు స్క్రూలూ పెట్టాడు గానీ బిగించలేదు, వేలితో తిప్పి వదిలేశాడు.

“అన్నా, స్క్రూలు వదులుగా ఉన్నాయి.”

“ఉండాలి.”

“ఎందుకని?”

“మా గురువు నేర్పిన పద్ధతి. నీ గడియారంలో నేను వేలు పెట్టానా? నా తుపాకీలో నువ్వు పెట్టకు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. అంతలో ఫోన్ మోగింది. మేస్త్రీ భార్య కళ్లు తిరిగి పడిపోతే పక్కింటివాళ్లు ఆస్పత్రికి తీసుకెళ్లారట. మేస్త్రీ మొహం పాలిపోయింది. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుంటూ, “తమ్ముడూ, రెజిన్ పచ్చిగా ఉంది, బీరువాలోకి ఎత్తకూడదు. తుపాకీని ఒంటరిగా వదలనూ కూడదు. మా తమ్ముడు వచ్చేదాకా కాస్త కూర్చో” అని పరుగెత్తాడు.

ఆయన కూర్చున్నాడు. ముందు వదిన కోసం దేవుణ్ని వేడుకున్నాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఆ స్క్రూలు. ముప్ఫై ఏళ్లుగా వదులు స్క్రూ కనబడితే బిగించడమే ఆ చేతులకు తెలుసు. గడియారంలో వదులు స్క్రూ అంటే పంటి కింద రాయి. కంగారులో మరిచిపోయాడేమో. వదులుగానే ఉండాలని అన్నాడుగా. అన్నాడు సరే, ఇంకాసేపాగి బిగిద్దామనుకున్నాడేమో, ఈలోగా ఫోన్ వచ్చిందేమో. కూతురి ఆదివారం ఆ రెండు స్క్రూల మీద వేలాడుతున్నట్టు అనిపించింది. బల్ల మీది స్క్రూడ్రైవర్ అందుకుని ఒక్కొక్కటీ కొంచెం, కొంచెమే బిగించాడు. ప్రాణం కుదుటపడింది.

మర్నాడు కూతురితో కలిసి వెళ్లాడు. వదినకు ప్రమాదం తప్పిందని విని మనసులోనే దండం పెట్టుకున్నాడు. మేస్త్రీ రైఫిల్‌ని బల్లకు పట్టించి, ముల్లున్న గేజీని గొట్టానికి ఆనించాడు.

“స్క్రూ వదిలినప్పుడు ముల్లు కదలకూడదమ్మా. కదిలిందంటే ఇనుము వంగి కూర్చున్నట్టు.”

స్క్రూ వదిలాడు. ముల్లు కదిలింది. బిగించాడు, మళ్లీ వదిలాడు. మళ్లీ కదిలింది.

“బిగించి ఉండగా రెజిన్ ఆరింది. వంకరకే అచ్చు పడింది.” మేస్త్రీ కుర్చీలో కూలబడ్డాడు. “నేను బిగించలేదనే నా జ్ఞాపకం. కానీ నా జ్ఞాపకాన్ని ఏం నమ్మను? మొన్న పొయ్యి ఆర్పకుండా వచ్చేశాను. ఈ చేతులు నాకు తెలియకుండానే ఏవేవో చేస్తున్నాయి. ఇక కొట్టు మూసుకోవడం మంచిది తమ్ముడూ. ఎవరి ప్రాణం మీదికైనా రాకముందే.”

కూతురు తండ్రి వైపు చూసింది. ‘వేరేవాళ్ల దగ్గరికి వెళ్దామన్నాను కదా’ అన్న చూపు అది. అన్నది ఆమే, వద్దన్నది ఆయనే.

ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ అడగలేదు కూడా. కానీ ఎదుటి మనిషి తన చేతుల్ని బల్ల మీద పెట్టుకుని పరాయివాళ్ల చేతుల్లా చూసుకుంటున్నాడు.

“నేను బిగించానన్నా” అన్నాడు ఆయన.

మేస్త్రీ తలెత్తాడు. “నువ్వా?”

“నేనే. మరిచిపోయావేమోననుకున్నాను.”

మేస్త్రీ పెద్దగా ఊపిరి వదిలి నవ్వేశాడు, కళ్లు తుడుచుకున్నాడు. “నేను కాదన్నమాట! నా బుర్ర బానే ఉందన్నమాట!” ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మొహం ఎర్రబడింది. “అయితే నీ కొట్లో ఆ అట్టముక్క ఎవరికోసమయ్యా? ఊరందరికీ సుద్దులు, నీకు మాత్రం సెలవా? లే. బయటికి నడు.”

“ఎందుకు బిగించకూడదో ఒక్క ముక్క చెప్పి ఉంటే...”

“చెప్తే మాత్రం నమ్మేవాడివా?”

ఆయన లేచి బయటికి నడిచాడు.

మెట్టు మీద కూర్చున్నాడు. లోపల గట్టిపడ్డ రెజిన్‌ని గీకుతున్న చప్పుడు మొదలైంది. మళ్లీ పోసి, ఆరబెట్టి, సరిచూసేసరికి శనివారం సాయంత్రమవుతుంది. సాధనకు వేళ మిగలదు. కొంతసేపటికి కూతురు వచ్చి, మెట్టుకి ఆ చివర కూర్చుంది.

“మేస్త్రీ మీద నమ్మకం ఉందా తల్లీ?”

“ఇప్పుడుంది. తప్పు ఆయనది కాదని తెలిసిందిగా.” చెప్పుతో మెట్టు అంచుని గీరుతూ ఆగింది. “ఆదివారం నువ్వు రావద్దు నాన్నా. నువ్వు వెనకాల ఉంటే, పెట్టెలో పెట్టిన రైఫిల్‌ని మళ్లీ విప్పి చూశావేమోననే ఉంటుంది నాకు.”

ఆయన తలూపాడు. లోపల గీకుడు ఆగింది. ఏం జరిగిందో చూద్దామని లేవబోయి, కూతురు చూస్తోందని గమనించి, మోకాళ్ల మీద చేతులు ఆనించి మళ్లీ కూర్చున్నాడు.